హక్, జిమ్‌ల తెప్ప ఏ దిక్కుకు పోతోందో చూశారా?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎం.ఏ. ఇంగ్లిష్‌లో మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’ మీకు పాఠ్యగ్రంథం. ఇంటి నుంచి పారిపోయిన తెల్ల పిల్లవాడు హక్, యజమానురాలి నుంచి పారిపోయిన నల్ల బానిస జిమ్ తెప్ప మీద మిసిసిపీ నది వెంట సాగే కథ అది. ‘నది స్వేచ్ఛకు ప్రతీక, ఒడ్డు కుళ్లిన సమాజానికి ప్రతీక, జిమ్ అమాయకత్వానికి ప్రతీక’ అని గైడు మూడు ముక్కల్లో తేల్చేసింది. నవల చదువుతుంటే మీకు అవేవీ సరిగ్గా అతకలేదు. జిమ్ ఒకచోట నిండు మనిషిగా, ఇంకోచోట నవ్వించే బొమ్మగా కనిపించాడు. చివరి పది పన్నెండు అధ్యాయాలు విసుగు పుట్టించాయి. నేను చదివిందే తప్పా, గైడే తప్పా అని అడిగారు.

ఇరవై ఆరేళ్లుగా ఈ నవల పాఠం చెబుతున్నాను. మీరు తప్పు చదవలేదు. ఇందులో నది ఎవరినీ స్వేచ్ఛ వైపు తీసుకెళ్లదు, జిమ్‌ను అసలే తీసుకెళ్లదు. నా లెక్కలో ఈ నవల ప్రధాన ఇతివృత్తం ఒక్కటే: తాను చేస్తున్నది పాపమని నిండుగా నమ్ముతూనే ఒక పిల్లవాడు మంచిపని చేస్తాడు. ఆ ఘట్టం 31వ అధ్యాయంలో ఉంది. నది, తెప్ప, పొగమంచు, డాలర్లు అన్నీ ఆ ఘట్టానికి దారితీసేవో, దాని తర్వాత మిగిలేవో. ఈ ఒక్క మాట పట్టుకుంటే తక్కినవి వాటంతట అవే కుదురుకుంటాయి. ఎలాగో చెబుతాను.

మొదట పటం ముందు పెట్టుకోండి. ఒక వస్తువును ప్రతీక అనే ముందు అది కథలో వస్తువుగా ఏం పనిచేస్తోందో చూడాలన్నది తరగతిలో నేను పెట్టుకున్న నియమం. మిసిసిపీ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. కథ మొదలయ్యే సెయింట్ పీటర్స్‌బర్గ్ కల్పిత ఊరు. ట్వేన్ పెరిగిన హానిబాల్ పట్టణం దానికి మూలం. అది మిస్సోరీ రాష్ట్రంలో ఉంది, అక్కడ బానిసత్వం చట్టబద్ధం. అవతలి ఒడ్డున ఉన్న ఇల్లినాయ్‌లో చట్టం దాన్ని ఒప్పుకోదు. నీటివాలుకు పోయేకొద్దీ వచ్చేది పత్తితోటల దేశం, బానిసల బతుకు అన్నిటికంటే దుర్భరంగా ఉండే చోటు. యజమానురాలు మిస్ వాట్సన్ తనను 800 డాలర్లకు న్యూ ఆర్లియన్స్‌కు అమ్మేయబోతోందని చాటుగా వినే కదా జిమ్ పారిపోయింది! ఏ దిక్కుకు అమ్ముతారని భయపడి పారిపోయాడో, నది అతన్ని రాత్రికింత చొప్పున ఆ దిక్కుకే మోసుకుపోతోంది.

ఒక ఏడాది బోర్డు మీద ఈ నదిని గీసి ఊళ్ల పేర్లు రాస్తుంటే, గోదావరి లంక గ్రామం నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచాడు. ‘సార్, నీటివాలు ఎటో చూడకుండా ఎవరైనా పారిపోతారా? ఎదురుగా అవతలి ఒడ్డు ఉందిగా, అక్కడికి ఎందుకు పోలేదు?’ అన్నాడు. అప్పటిదాకా నేనూ ‘నది అంటే స్వేచ్ఛ’ అనే చెప్పేవాణ్ని. నది పక్కన పుట్టి పెరిగినవాడికి తట్టిన ప్రశ్న నాకు అన్నేళ్లూ తట్టలేదు.

ఆ ప్రశ్నకు జవాబు నవలలోనూ ఉంది, చరిత్రలోనూ ఉంది. ఇల్లినాయ్ పేరుకే స్వేచ్ఛా రాష్ట్రం. పారిపోయిన బానిసను పట్టుకుని యజమానికి అప్పగించవచ్చని 1793 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. అది చాలదన్నట్టు, స్వేచ్ఛాపత్రం చూపించలేని నల్లమనిషిని నిర్బంధించే చట్టాలు ఆ రాష్ట్రానికి సొంతంగా ఉన్నాయి. చచ్చిపోయినట్టు నమ్మించి పారిపోయిన హక్‌ను చంపింది జిమ్మేనన్న అనుమానంతో అతని మీద 300 డాలర్ల బహుమతి కూడా ప్రకటించారు. అందుకే వాళ్లు వేరే దారి ఆలోచిస్తారు. దిగువన, ఒహైయో నది వచ్చి మిసిసిపీలో కలిసే చోట కైరో అనే ఊరుంది. అక్కడ తెప్ప అమ్మేసి, స్టీమరెక్కి ఒహైయో మీద ఎగువకు, బానిసత్వం లేని రాష్ట్రాల లోపలికి వెళ్లిపోవాలి. స్వేచ్ఛ అనేది ఉంటే అది ఒహైయో మీద ఉంది. మిసిసిపీ అక్కడిదాకా తీసుకెళ్లే దారి మాత్రమే.

ఆ మలుపు దగ్గరే పొగమంచు కమ్ముతుంది. 15వ అధ్యాయం అది. మర్నాడు దాటిపోయే ఊళ్లలో కైరో ఏదో తెలియక తడుముకుంటారు. 16వ అధ్యాయంలో ఒక తెల్లవారుజామున చూస్తే ఒడ్డు వెంట తేటనీరు, దానికి అవతల ఎప్పటి బురదనీరు. రెండు నదులు కలిశాక కొంతదూరం రంగులు కలవకుండా పక్కపక్కనే పారడం మన నదుల దగ్గరా చూస్తాం. ఆ తేటనీరు ఒహైయోది. అంటే సంగమం దాటిపోయింది. కైరో వెనకపడిపోయింది. ‘పొగమంచులో కైరో దాటిపోయామేమో’ అని అంతకు ముందు హక్ ఒక్క మాట అంటాడు, ఉపన్యాసాలుండవు. నీటి రంగు చూసి ఇద్దరికీ తెలిసిపోతుంది, అంతే. గైడులో ఎక్కడా కనిపించని ఈ రెండు రంగుల నీరే నాకు నవల మొత్తంలో అన్నిటికంటే బలమైన ప్రతీక. ప్రతీక అనిపించుకోవాలని అది ఏ ప్రయత్నమూ చేయదు.

ట్వేన్‌కు ఈ నది పుస్తకాల్లో పరిచయమైనది కాదు. 1859లో లైసెన్సు పొందిన స్టీమరు పైలట్ ఆయన. 1861లో అంతర్యుద్ధం వచ్చి పడవలు ఆగిపోయేదాకా ఆ పనే చేశాడు. అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. ‘మార్క్ ట్వేన్’ అనేది లోతు చూసే మనిషి వేసే కేక: రెండు బారల లోతు, అంటే 12 అడుగులు, పడవకు భయం లేదని అర్థం. అలాంటివాడు నదిని ఉత్త స్వేచ్ఛగా రాస్తాడా? ఆయన నదిలో పొగమంచు, నీటిలో దాగిన మొద్దులు, విరిగి ఆగిపోయిన స్టీమరు, శవం ఉన్న ఇల్లు కొట్టుకురావడం, తెప్పను నడిమధ్యకు చీల్చుకుపోయే పడవ, అన్నీ ఉన్నాయి.

మరి ఆ ‘నది స్వేచ్ఛ’ ఎక్కడి నుంచి వచ్చింది? 1948లో విమర్శకుడు లయొనెల్ ట్రిల్లింగ్, 1950లో కవి టి.ఎస్. ఎలియట్ ఈ నవలకు పీఠికలు రాస్తూ నదిని ఒక దేవతగా చూశారు. ఎలియట్ అదే నది ఒడ్డున, సెయింట్ లూయీలో పుట్టినవాడు. ఆ పీఠికల్లో లోతు ఉంది, దొరికితే తప్పక చదవండి. చేతులు మారి మారి గైడులోకి వచ్చేసరికి అవి ఒక్క వాక్యంగా కుంచించుకుపోయాయి.

తెప్ప సంగతి వేరు. 12 అడుగుల వెడల్పు, 15 లేదా 16 అడుగుల పొడవు, నీటిపైన ఆరేడు అంగుళాల ఎత్తు. హక్ ఈ కొలతలు పనిగట్టుకుని చెబుతాడు. దాని మీద జిమ్ ఒక చిన్న పాక వేస్తాడు, వానకూ ఎండకూ. మంట పెట్టుకోవడానికి మట్టి పరుస్తారు. మామూలు గది కంటే పెద్దది కాని ఆ చోటులోనే హక్ ‘తెప్ప మీద ఉన్నంత హాయి ఇంకెక్కడా ఉండదు’ అంటాడు. ఆ మాట ఎప్పుడన్నాడో చూడండి. రెండు తెల్ల కుటుంబాల పగలో తన ఈడు పిల్లవాడు బక్ చచ్చిపోయి నీళ్లలో పడి ఉంటే, ఒడ్డుకు లాగి, ముఖం కప్పి, ఏడ్చి వచ్చిన తర్వాత. ఆ హాయి ఎంతసేపు నిలిచింది? తర్వాతి అధ్యాయంలోనే రాజు, డ్యూక్ అని చెప్పుకునే ఇద్దరు మోసగాళ్లు తెప్ప ఎక్కుతారు. ఇక పగటిపూట ప్రయాణం చేయడానికి జిమ్‌ను తాళ్లతో కట్టేయడమే ఉపాయమవుతుంది. పారిపోయిన బానిసను పట్టి తీసుకెళ్తున్నామని చూపించడానికి దొంగ ప్రకటన కూడా అచ్చేస్తారు. ఆ తాళ్ల బాధ భరించలేనని జిమ్ అంటే ముఖానికీ చేతులకూ నీలిరంగు పూసి, జబ్బుచేసిన అరబ్బు అని పలక తగిలిస్తారు. స్వేచ్ఛ అనిపించిన తెప్ప జైలు కావడానికి ఇద్దరు తెల్లవాళ్లు ఎక్కడం సరిపోయింది. పరీక్షలో తెప్ప గురించి రాసేటప్పుడు ఈ రెండు ముఖాలూ రాయండి. ఒకటే రాస్తే సగం సమాధానమే అవుతుంది.

ఇప్పుడు హక్ మనస్సాక్షి. ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక చిక్కుంది. మనస్సాక్షి ఎప్పుడూ మంచివైపే ఉంటుందన్న అర్థంలో మనం ఆ మాట వాడతాం. ‘నీ మనస్సాక్షిని అడుగు’ అంటాం. హక్ కథలో మనస్సాక్షి బానిసత్వం వైపు ఉంది! దాన్ని తయారుచేసింది ఆ ఊరు, ఆ చర్చి, ఆ చట్టం. జిమ్ పారిపోవడానికి సాయం చేయడమంటే మిస్ వాట్సన్ ఆస్తి దొంగిలించడమని, అది నరకానికి పోయే పాపమని అతనికి చిన్నప్పటి నుంచి నూరిపోశారు. అతను దాన్ని ఒక్క క్షణం కూడా అనుమానించడు. బానిసత్వం తప్పు అని హక్ నవలలో ఎక్కడా అనడు. చాలామంది విద్యార్థులు ‘హక్ బానిసత్వాన్ని వ్యతిరేకించాడు’ అని రాస్తారు. అలా రాస్తే ఈ నవల చేతికి అందనట్టే.

16వ అధ్యాయంలో జిమ్ తన కలలు చెప్పుకుంటాడు. డబ్బు కూడబెట్టి భార్యను కొంటాడట. తర్వాత ఇద్దరూ కష్టపడి పిల్లలిద్దరినీ కొంటారట. యజమాని అమ్మకపోతే ఎవరిచేతనైనా దొంగతనంగా తెప్పించుకుంటారట. ఇది విని హక్ నిర్ఘాంతపోతాడు. తనకు ఏ కీడూ చేయని, ముఖమైనా ఎరగని ఒక మనిషికి చెందిన పిల్లల్ని జిమ్ దొంగిలిస్తాడా! ఎవరి పిల్లలు వాళ్లు? జిమ్ సొంత పిల్లలు. ఆ వాక్యం దగ్గర తరగతిలో కాసేపు ఆగుతాను. కొందరు నవ్వుతారు, కొందరి ముఖాలు మారిపోతాయి.

ఒకసారి అక్కడ ఆగినప్పుడు ఒక అమ్మాయి మాట్లాడింది. ‘మా నాయనమ్మ పొలం పనికి వచ్చినవాళ్లకు నీళ్లు పైనుంచి పోసేది, వాళ్లు దోసిలి పట్టి తాగేవాళ్లు. ఆమె చెడ్డమనిషి కాదు సార్, ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా అన్నం పంపేది. ఒకరోజు తొందరలో చెంబే చేతికి అందించింది. ఆ రోజంతా పాపం చేసినట్టు కుమిలిపోయింది’ అని చెప్పింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ రోజు నేను అంతకు మించి పాఠం చెప్పలేదు. హక్ మనస్సాక్షి అంటే ఏమిటో ఆ అమ్మాయి నాకంటే బాగా చెప్పింది.

ఇక 31వ అధ్యాయం. రాజు అనే ఆ మోసగాడు జిమ్‌ను అమ్మేశాడు. హక్ మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు: మీ జిమ్ ఫలానా చోట ఉన్నాడు, మనిషిని పంపండి అని. రాసేసరికి మనసు కడిగినట్టయిందట, మొదటిసారి ప్రార్థన చేయగలననిపించిందట. వెంటనే కాగితం పక్కన పెట్టి ఆలోచనలో పడతాడు. నదిమీద పగలూ రాత్రీ, వెన్నెల్లో, తుఫానులో జిమ్ కనిపిస్తాడు. తన వంతు కాపలా అయిపోయినా తనను నిద్రలేపకుండా తానే కాపలా కాసిన జిమ్, పొగమంచులో నుంచి తిరిగొచ్చినప్పుడు పొంగిపోయిన జిమ్. వణుకుతున్న చేతుల్లోకి కాగితం తీసుకుని, ఊపిరి బిగపట్టి, ‘సరే అయితే, నరకానికే పోతాను’ అని చింపేస్తాడు.

అతనికి నరకం నిజం. మనం కథలో నరకమనుకుంటాం, అతను నిప్పుల్లో కాలడమనుకుంటున్నాడు. ఆ కాగితం చింపిన పిల్లవాడికి తన మంచితనం తెలియదు, చివరిదాకా తెలియదు. అది మనకు మాత్రమే తెలుస్తుంది. కథను హక్ చేతే చెప్పించడంలోని బలమంతా ఇదే. ఎదిగిన రచయిత గొంతుతో చెప్పి ఉంటే ఇది మంచి నీతికథ అయ్యేది, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు.

ఈ మలుపు ఒక్కసారిగా రాలేదు. బీజం 11వ అధ్యాయం చివర్లోనే ఉంది. తామిద్దరూ దాక్కున్న ద్వీపం మీదికి మనుషులు వస్తున్నారని తెలిసి హక్ పరుగెత్తుకొచ్చి జిమ్‌ను లేపుతాడు: ‘లే జిమ్, మన కోసం వస్తున్నారు!’ హక్ కోసం ఎవరూ రావడం లేదు. లోకం దృష్టిలో అతను చచ్చిపోయాడు. పంది నెత్తురు చల్లి తన చావు తానే నమ్మించాడు కదా. వాళ్లు వచ్చేది జిమ్ కోసం. అయినా హక్ నోట ‘మన’ అనే మాట వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు, అందుకే దానికి అంత విలువ.

జిమ్ గురించి మీకు కలిగిన ఇబ్బంది సరైనదే. ట్వేన్ కాలంలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే ఆటలు జనం విరగబడి చూసేవారు. ట్వేన్‌కూ అవి ఇష్టం. మొదటి అధ్యాయాల్లో మంత్రగత్తెలు తన మీద స్వారీ చేస్తూ లోకమంతా తిప్పారని కోతలు కోసే జిమ్‌లో ఆ ఆటల ఛాయ ఉంది. దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. నల్లజాతి నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్ ఆ ముసుగు వెనక నుంచే జిమ్ మానవత్వం పైకి వస్తుందని 1958లో రాశాడు. నా అనుభవం కూడా అదే. చూడాల్సిన చోట్లు మూడున్నాయి.

ఒకటి, పొగమంచులో తప్పిపోయి తిరిగొచ్చిన హక్, ‘నేనెక్కడికీ పోలేదు, నువ్వు కల కన్నావు’ అని జిమ్‌ను ఆట పట్టించినప్పుడు. జిమ్ తెప్ప మీద పడిన చెత్తాచెదారం చూపించి, స్నేహితుణ్ని ఇలా సిగ్గుపడేలా చేసేవాళ్లు ఆ చెత్తతో సమానం అంటాడు. అని లేచి పాకలోకి వెళ్లిపోతాడు. నల్లవాడి ముందు తల వంచడానికి తనకు పావుగంట పట్టిందని, అయినా వంచానని, ఎప్పుడూ బాధపడలేదని హక్ చెబుతాడు.

రెండోది నాకు ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేసే చోటు. 23వ అధ్యాయం చివర్లో ఒక తెల్లవారుజామున జిమ్ తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కుమిలిపోతుంటాడు. భార్య, పిల్లలు గుర్తొచ్చారు. నాలుగేళ్ల కూతురి కథ చెబుతాడు. పాపకు స్కార్లెట్ జ్వరం వచ్చి తగ్గింది. ఒకరోజు తలుపు వేయమన్నాడు. పాప నవ్వుతూ నిలబడింది. మళ్లీ అరిచాడు, కదల్లేదు. కొట్టాడు. కొద్దిసేపటికి గాలికి తలుపు పాప వెనకే ఢామ్మని పడింది. పాప ఉలిక్కిపడలేదు. మెల్లగా వెనక నుంచి వెళ్లి చెవి దగ్గర గట్టిగా అరిచి చూశాడు. కదల్లేదు. జ్వరం చెవులు తీసుకుపోయిందని అప్పుడు తెలిసింది. ఈ అర పేజీలో నవ్వించే బొమ్మ ఎక్కడుంది? అంతకు ముందే హక్ తన ఆశ్చర్యం చెబుతాడు: తెల్లవాళ్లలాగే ఇతనికీ తనవాళ్ల మీద ప్రేమ ఉన్నట్టుంది, అది సహజంగా అనిపించకపోయినా నిజమే అనిపిస్తోంది అని. హక్ ఎంత దూరం వచ్చాడో, ఇంకా ఎంత దూరం ఉండిపోయాడో రెండూ ఆ వాక్యంలో ఉన్నాయి.

మూడోది కొట్టుకొచ్చిన ఇల్లు. అందులో ఒక శవం ఉంటుంది. జిమ్ దాని ముఖం కప్పేసి, హక్‌ను చూడనివ్వడు. అది హక్ తండ్రి శవమని చివరి అధ్యాయంలో చెబుతాడు. ఒక పిల్లవాడు తండ్రి ముఖాన్ని అలా చూడకూడదని దాచిన మనిషి జిమ్. హక్ తర్వాత బక్ ముఖం కప్పినప్పుడు జిమ్ చేసిన పనే చేస్తున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. కావాలంటే జిమ్ హక్‌కు తండ్రి స్థానంలో ఉన్నాడని రాయండి, చాలామంది విమర్శకులు రాశారు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను: సత్యం ఆలస్యంగా చెప్పడంలో జిమ్‌కు స్వార్థం కూడా ఉండి ఉండవచ్చు. తండ్రి చచ్చిపోయాడని తెలిస్తే హక్ ఇంటికి తిరిగి వెళ్లిపోయేవాడేమో, జిమ్ ఒంటరివాడయ్యేవాడేమో. అలా అనుకుంటే జిమ్ చిన్నబోడు, తన బతుకు గురించి ఆలోచించుకునే మనిషవుతాడు. ‘అమాయకత్వానికి ప్రతీక’ అనే మాటకు నా అభ్యంతరం ఇక్కడే.

నలభై డాలర్లు గమనించారా? గైడుల్లో చూడలేదు, అందుకే చెబుతున్నాను. 16వ అధ్యాయంలో బానిసల్ని వెతికే ఇద్దరు, తెప్పమీద మశూచి ఉందని భయపడి, దగ్గరకు రాకుండా చెరో 20 డాలర్ల బంగారు నాణెం ఇచ్చి పోతారు. మొత్తం 40. రాజు జిమ్‌ను అమ్మింది 40 డాలర్లకు. చివర్లో, ఖైదీగా ఓపికగా ఉన్నందుకు హక్ స్నేహితుడు టామ్ సాయర్ జిమ్ చేతిలో పెట్టేదీ 40 డాలర్లే. మూడుసార్లూ అదే మొత్తం. మూడుసార్లూ తెల్లవాళ్లు దాంతో జిమ్ లెక్క తేల్చుకుంటున్నారు. ట్వేన్ కావాలని పెట్టాడో లేదో వదిలేయండి, పాఠంలో అది ఉంది. ఇలాంటిది మీ అంతట మీరు పట్టుకుని రాస్తే పేపరు దిద్దేవాళ్లకు మీరు నవల చదివారని తెలుస్తుంది.

చివరి అధ్యాయాలు. మీ విసుగులో నవలాకారుడు హెమింగ్వే మీకు తోడున్నాడు. ఆధునిక అమెరికన్ సాహిత్యమంతా ఈ ఒక్క పుస్తకం నుంచే వచ్చిందని 1935లో రాసిన మనిషి, జిమ్‌ను దొంగిలించిన చోట చదవడం ఆపేయమని కూడా అన్నాడు. ఎలియట్, ట్రిల్లింగ్ ముగింపును సమర్థించారు. 1953లో విమర్శకుడు లియో మార్క్స్ వాళ్లిద్దరికీ గట్టి జవాబు రాశాడు. నా అభిప్రాయం ఈ రెంటికీ మధ్య ఉంది. టామ్ సాయర్ వచ్చాక జిమ్‌ను కొట్లోంచి విడిపించడం రోజుల తరబడి ఆటగా సాగుతుంది. పాములు, ఎలుకలు, రాతిమీద చెక్కడాలు. ఇదంతా నవలలో అవసరానికి మించి పొడుగైంది, దాన్ని నేను సమర్థించను. కాని ఆట చివర్లో తెలిసేదేమిటి? మిస్ వాట్సన్ రెండు నెలల కిందటే చచ్చిపోతూ వీలునామాలో జిమ్‌కు స్వేచ్ఛ ఇచ్చేసింది. టామ్‌కు ఇది మొదటి నుంచీ తెలుసు. అప్పటికే స్వేచ్ఛ పొందిన మనిషిని గొలుసుల్లో ఉంచి, విడిపించే ఆట ఆడాడు.

తేదీలు చూడండి. కథ జరిగేది 1835కీ 1845కీ మధ్య. ట్వేన్ రాయడం మొదలుపెట్టింది 1876లో, మధ్యలో ఆపి, 1882లో మళ్లీ ఆ నదిమీద ప్రయాణం చేసి వచ్చి, 1883లో పూర్తిచేశాడు. బానిసత్వం 1865లోనే రద్దయింది. 1877 తర్వాత దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లకు కాగితం మీద దక్కిన హక్కులు ఒక్కొక్కటీ చేజారిపోతూ వచ్చాయి. స్వేచ్ఛ వచ్చేసిన మనిషి ఇంకా గొలుసుల్లో ఉండడం ట్వేన్ కళ్లముందు జరుగుతున్నదే. ముగింపును ఇలా చదివే విమర్శకులున్నారు, నేనూ ఇలాగే చెబుతాను. అయినా అది విసుగు పుట్టిస్తుందన్న మీ మాట అలాగే నిలుస్తుంది. రెండూ రాయండి. టామ్ కాలికి గుండు తగిలినప్పుడు జిమ్ తన స్వేచ్ఛ వదులుకుని డాక్టరుకు సాయంగా నిలిచాడన్నది మాత్రం మర్చిపోకండి. ఆటల మధ్య అది ఒక్కటే పెద్దమనిషి పని.

మీరు అడగని, కాని తప్పకుండా ఎదురయ్యే విషయం ఆ తిట్టుమాట. నల్లవాళ్లను అవమానించే ఆ మాట నవలలో రెండు వందలకు పైగా సార్లు వస్తుంది. 2011లో అమెరికాలో ఆ మాట తీసేసి ‘బానిస’ అని పెట్టి ఒక ప్రతి వేశారు. నేను తరగతిలో ఆ మాట పైకి చదవను, కాని తీసేసిన ప్రతిని చదవమని చెప్పను. కారణం 32వ అధ్యాయంలో ఉంది. స్టీమరులో పేలుడు జరిగిందని హక్ అబద్ధం చెబుతాడు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని టామ్ పిన్ని సాలీ అడుగుతుంది. ‘లేదండి, ఒక నల్లవాడు చచ్చిపోయాడు’ అంటాడు. ‘పోనీలే, అదృష్టం, ఒక్కోసారి మనుషులకు దెబ్బలు తగులుతాయి’ అంటుందామె. తిండిపెట్టే, ప్రేమగా చూసే, నిజంగా దయగల మనిషి. ఆ దయ ఎక్కడ ఆగిపోతుందో ఆ రెండు వాక్యాల్లో కనిపిస్తుంది. మాట మారిస్తే ఆ కోత మొద్దుబారుతుంది. 1885లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం ఈ పుస్తకాన్ని వద్దన్నది మోటుభాష ఉందని, బానిసత్వం గురించి కాదు.

ట్వేన్ ఇదంతా ఇంట్లోనే చూశాడు. ఆయన తండ్రికి బానిసలుండేవారు. 1896లో ఉపన్యాస యాత్ర మీద మన దేశం వచ్చినప్పుడు, బొంబాయి హోటల్లో ఒక యూరోపియన్ అక్కడి పనివాణ్ని చెంపమీద కొట్టడం చూశాడు. కొట్టించుకున్నవాడు మారు పలకలేదు. అది చూడగానే తన బాల్యం కళ్లముందుకు వచ్చిందని, బానిసలకు పని చెప్పే పద్ధతి అప్పుడు అదేనని తర్వాత రాశాడు. నవల వచ్చి పదేళ్లు దాటాక, అరవై ఏళ్ల వయసులో కూడా ఆ దెబ్బ ఆయనలో అలాగే ఉంది.

భాష గురించి ఒక్క మాట. ముందుమాటలోనే ట్వేన్ ఇందులో ఏడు రకాల మాండలికాలున్నాయని చెబుతాడు. అందుకే ఇంగ్లిష్‌లో మొదటి 20 పేజీలు కష్టంగా ఉంటాయి. నండూరి రామమోహనరావు గారి తెలుగు అనువాదం దొరికితే ముందు అది చదవండి. నేను హైస్కూల్లో ఉండగా మొదట హక్‌ను కలిసింది అందులోనే. కథ చేతిలో ఉంటే మాండలికం భయపెట్టదు. తర్వాత ఇంగ్లిష్ పాఠాన్ని పైకి చదవండి. కంటికి అర్థంకాని మాట చెవికి తెలిసిపోతుంది.

పరీక్షకు ఎలా రాయాలంటే, ప్రతీకల జాబితా వద్దు. ఒక ఘట్టం తీసుకుని లోపలికి వెళ్లండి. నదిని అడిగితే తేటనీరు, బురదనీరుతో మొదలుపెట్టండి. జిమ్‌ను అడిగితే కూతురి తలుపుతో. ఇతివృత్తం అడిగితే చింపిన ఉత్తరంతో. ఉద్దేశం వెతికేవాళ్ల మీద కేసు పెడతామని, నీతి వెతికేవాళ్లకు దేశబహిష్కారమని, కథాక్రమం వెతికేవాళ్లను కాల్చేస్తామని పుస్తకం మొదటి పేజీలో ట్వేన్ హెచ్చరిక పెట్టాడు. ప్రశ్నపత్రం మాత్రం ఆ మూడూ అడుగుతుంది. కాబట్టి ఆయన ఇచ్చిన వస్తువుల్ని గట్టిగా పట్టుకుని జవాబు రాయడమే దారి.

ఈ వారం 15, 16, 23, 31 అధ్యాయాలు మళ్లీ చదవండి, పక్కన మిసిసిపీ పటం పెట్టుకుని. 31వ అధ్యాయం మీద ఒక పేజీ సమాధానం రాసి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.